జోలపాట, భజన, పసిబిడ్డ



కృష్ణా తుంగభద్రల నడుమ నున్న ఈ నడిగడ్డ సీమలో మన మానవపాడు ఒక చిన్న ఊరు. పత్తి, మిరప పండు నేల. అలంపురమున జోగులాంబను సేవింపబోవు యాత్రికులు మన ప్రక్కనుండియే సాగిపోవుచుందురు. ఇక్కడి గుడి మండపమున ఒక శనివారము భజన ముగిసి ప్రసాదము పంచుచుండగా ఒక తల్లి నాలుగేండ్ల బిడ్డను చంకనెత్తుకొని మా యొద్దకు వచ్చినది. ఆ బిడ్డ ఎవరి ముఖమును చూచుట లేదు. తాళముల జత మీదనే వాని చూపు. “సామీ, వీడు దినామూ ఈడ కూసుంటే వీనికి మాటలొస్తాయా?” అని ఆమె అడిగినది.

మాకు వెంటనే సమాధానము తోచలేదు. “వచ్చునమ్మా, స్వామి దయ” అనుట సులభము. వేదిక మీద కూర్చున్న వారందరు ఆ మాటయే చెప్పుదురు, వినువారు కూడ దానినే కోరుదురు. కాని ఆ మాట నమ్మి ఆ తల్లి ఏడాది వేచియుండి, ఆ ఏడాదిలో చేయింపవలసిన పరీక్షలు చేయింపక పోయినచో ఆ పాపమెవరిది? ఆనాటి నుండి మేము తెలిసిన వైద్యులను అడిగి, గ్రంథములు చూచి తెలిసికొన్న సంగతులను ఈ ప్రసంగమున విన్నవింప దలచితిమి. పిల్లలకును, వారిని పెంచు ఇంటికిని గానము చేయు మేలు ఎంత, చేయలేనిది ఎంత అనునదే మన విషయము.

ముందుగా మన గ్రంథముల మాట. 13వ శతాబ్దిలో దేవగిరి యాదవుల కొలువున నున్న శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరమును రచించెను. సంగీత శాస్త్రమునకు అది ప్రామాణిక గ్రంథము. ఆశ్చర్యమేమనగా, స్వరములను గూర్చి చెప్పుటకు ముందే ఆయన గర్భమున పిండము ఎట్లు ఏర్పడునో, మాస మాసమునకు ఎట్లు పెరుగునో ఒక ప్రకరణమంతయు చెప్పెను. పాట గురించి తెలిసికొనగోరువాడు మొదట శరీరమును తెలిసికొనవలెనని ఆయన అభిప్రాయము. నాదమనగా ప్రాణవాయువు, అగ్ని కూడినప్పుడు పుట్టునది. కనుక దాని జన్మస్థానము దేహమే. గాన గ్రంథమును గర్భవాసముతో ప్రారంభించుట మాకు చాల నచ్చిన విషయము.

ప్రహ్లాదుడు తల్లి గర్భమున నుండియే నారదుని ఉపదేశము వినెనని భాగవతము చెప్పుచున్నది. అభిమన్యుని కథ మీరెరిగినదే. వానిని పురాణములుగానే గ్రహింపుడు. కాని గర్భస్థ శిశువు వినుననుట మాత్రము నేడు వైద్యులు అంగీకరించిన సత్యము. ఆరవ, ఏడవ నెల నాటికి శిశువు చెవికి శబ్దము చేరును. తల్లి గుండె చప్పుడు, నెత్తురు ప్రవహించు సవ్వడి, అన్నిటికంటె ఎక్కువగా తల్లి కంఠము వినవచ్చును. 1980లో అమెరికాలో ప్రచురితమైన ఒక పరిశోధనలో, పుట్టి మూడు దినములైన నిండని శిశువులు పరాయి స్త్రీ గొంతు కంటె తల్లి గొంతునే కోరుకొనిరని తేలినది. చీకు పీకను ఒక తీరున చప్పరించిన తల్లి గొంతు, మరొక తీరున చప్పరించిన వేరొకరి గొంతు వినబడునట్లు వారు అమర్చినారు. పసికందులు తల్లి గొంతు వినబడు తీరుననే చప్పరించినారు.

ఇక జోలపాట. కెనడా దేశమున మాంట్రియల్ విశ్వవిద్యాలయము వారు 2015లో ప్రకటించిన పరిశోధన ఒకటి కలదు. ఆరు నుండి తొమ్మిది నెలల బిడ్డలకు వారెరుగని భాషలో పాట వినిపించినారు, మాటలు వినిపించినారు. మాటలు వినిన బిడ్డలు నాలుగు నిమిషములు దాటునప్పటికి ఏడుపు మొదలిడిరి. పాట వినిన బిడ్డలు దాదాపు తొమ్మిది నిమిషములు నెమ్మదిగా నుండిరి. ఐదు నిమిషముల భేదమేపాటిదని పురుషులు అనుకొనవచ్చును. పొయ్యి మీద అన్నము ఉడుకుచుండగా ఒంటరిగా బిడ్డను చూచుకొను తల్లిని అడిగిన ఐదు నిమిషముల విలువ తెలియును.

అంతకంటె గొప్ప విషయము మరొకటి. నెలలు నిండక పుట్టిన శిశువులపై అమెరికాలో 11 ఆసుపత్రులలో 272 మంది శిశువులతో జరిగిన పరిశీలన 2013లో వెలువడినది. గర్భములోని సవ్వడిని, గుండె చప్పుడును పోలిన శబ్దము చేయు వాద్యములను శిశువుల చెంత మెల్లగా వాయించినారు. వానితోబాటు తల్లిదండ్రులు తమ ఇంట వాడుకలోనున్న పాటను పాడినారు. శిశువుల గుండె వేగము తగ్గి నెమ్మదించినది; పాలు త్రాగుట, నిద్రించుట మెరుగుపడినవి. వానితోబాటు తల్లిదండ్రుల మనోవేదన కూడ తగ్గినది. ఇక్కడ గమనింపదగినది, ఆ వైద్యులు ఏ మహావిద్వాంసుని పాటను ఎన్నుకొనలేదు; ఆ ఇంటి పాటనే అడిగి పాడించినారు. గొంతు బాగున్నదా, శ్రుతి కలిసినదా యని ఎవరును చూడలేదు.

మన ఇండ్లలో జోలపాటకు కొదువ యేమి? తాళ్ళపాక అన్నమాచార్యులు (1408–1503) వేంకటేశ్వరునే ఉయ్యాలలో పరుండబెట్టి జోల పాడినారు. సర్వలోకములను నిదురపుచ్చువానికి జోల పాడుట భక్తికి పరాకాష్ఠ యని పండితులు వ్యాఖ్యానింతురు. మాకు తోచునది వేరు: ఆయన తన ఇంట తల్లులు, అత్తలు పాడిన పాట వినకున్న ఆ వరుస ఆయనకు ఎక్కడ లభించును? అట్టి పాటలు నడిగడ్డ ముసలమ్మల నోట నేటికిని కొన్ని కలవు. వారి కోడండ్రు వానిని నేర్చుకొనలేదు. బిడ్డ ఏడ్చిన సెల్ ఫోను చేతికిచ్చుట అలవాటైనది. ఫోను కూడ పాడును. కాని బిడ్డ ముఖము చూచి వేగము తగ్గింపదు, బిడ్డ ‘ఊ’ అనిన ఆగి మరల అందుకొనదు. వైద్యము చేయునది ఆ ఆగుటయు అందుకొనుటయు.

ఇక కుటుంబము సంగతి. సంగీతమును చికిత్సగా ఉపయోగించుట పాశ్చాత్య దేశములలో ఒక శాస్త్రముగా పెరిగినది. పాల్ నార్డాఫ్ అను అమెరికా స్వరకర్తయు, క్లైవ్ రాబిన్స్ అను ఆంగ్ల ఉపాధ్యాయుడును 1959లో ఇంగ్లండున కలిసి, మాటరాని పిల్లలతో, మనోవైకల్యము గల పిల్లలతో అప్పటికప్పుడు స్వరము కల్పించుచు పని చేసిరి. బిడ్డ బల్లపై కొట్టిన, ఆ దెబ్బకు లయ కూర్చి పియానో వాయించెడివారు. బిడ్డ అరచిన, ఆ అరుపు శ్రుతినే అందుకొనెడివారు. ప్రతి బిడ్డలోను సంగీతమునకు పలుకు ఒక భాగము చెడక మిగిలియుండునని వారి విశ్వాసము. అయితే ఆ పని చాలకాలము గదిలో, తలుపు మూసి, వైద్యుడు ఒకడు, రోగి ఒకడు అను పద్ధతిలోనే సాగినది.

తలుపు తెరచిన కథ నార్వే దేశమున జరిగినది. 1980 దశకపు తొలి సంవత్సరములలో బ్రిన్యుల్ఫ్ స్టీగె అను సంగీత చికిత్సకుడు సాండానె అను చిన్న ఊరిలో బుద్ధిమాంద్యము గల పెద్దలకు సంగీతము నేర్పుచుండెను. ఒకనాడు వారు ఊరి వాద్యబృందము సాధన చేయు భవనమున అడుగిడిరి. గోడలపై ఆ బృందము వారి చిత్రములు. వానిని చూచి వారిలో ఒకడు, ఆ బృందములో మేమును వాయింపవచ్చునా యని అడిగెను. ఆ ప్రశ్నతో స్టీగె చిక్కున పడెను. ఈ మనుష్యులను బాగుచేయుట తన పనియా, లేక వీరికి చోటివ్వని ఊరిని బాగుచేయుట తన పనియా? క్రమముగా ఊరి బృందములు వారిని తమతో చేర్చుకొని వాయించినవి. అనేక దేశములలో ఇట్టి ఆలోచనయే సాముదాయిక సంగీత చికిత్స యను పేర స్థిరపడినది. 2004లో ఆ పేరుతోనే గ్రంథము వెలువడినది.

మన భజన కూటములో చేరుటకు పరీక్ష లేదు. శ్రుతి తప్పినవానిని లేపి పంపరు. ఈ గుణమును మనము తక్కువగా చూచుచున్నాము. (అందరికి మండపమున ఒకే చాప మీద చోటున్నదా యని మాత్రము ప్రతి ఊరును తన్ను తాను అడుగుకొనవలెను. పన్నెండు మెట్ల కిన్నెర వాయించి 2022లో పద్మశ్రీ పొందిన దర్శనం మొగిలయ్య గారు మన ప్రక్క నాగర్‌కర్నూల్ జిల్లా వారే. అట్టి కళలను బ్రతికించినవారిని తరతరములు ఊరి వెలుపలనే ఉంచిన చరిత్ర మనది.)

ఆస్ట్రేలియాలో 2001లో ‘సింగ్ అండ్ గ్రో’ అను కార్యక్రమము మొదలైనది. చిన్నవయసు తల్లులు, బీదలు, వికలాంగులైన బిడ్డలు గలవారు – ఇట్టి కుటుంబములు ఐదేండ్ల లోపు పిల్లలతో వారమునకొకసారి ఊరి సమావేశ స్థలమున కూడుదురు. పది వారములు సంగీత చికిత్సకురాలి వెంట తల్లీబిడ్డలు కలిసి పాడుదురు, ఆడుదురు, గిలక్కాయలు మ్రోగింతురు. 358 మంది తల్లిదండ్రులు, వారి పిల్లలను గూర్చిన వివరములు 2008లో ప్రచురించినారు. బిడ్డల మాట తీరు, తోటివారితో ఆట మెరుగైనవి. తల్లిదండ్రులు బిడ్డలపై విసుగుకొనుట తగ్గినది. వారి మనస్సు కూడ కుదుటపడినది. పాటలో చేరని కుటుంబములతో పోల్చి చూడలేదు గనుక ఈ ఫలితమంతయు పాట వలననే యని కచ్చితముగా చెప్పరాదు. అయినను విసుగు తగ్గినదను మాట దగ్గర మేము చాలసేపు ఆగితిమి. బిడ్డకు చికిత్స యని వచ్చిన చోట తల్లికి ఊరట లభించినది. మన పాలమూరు సీమలో వలసపోయిన ఇండ్లెన్ని! తల్లిదండ్రులు దూరదేశమున కూలిచేయుచుండగా అవ్వ తాతల చేతిలో పెరుగు పిల్లలెందరు! పత్తి విత్తన చేలలో తెల్లవారుజాముననే పూవులు గిల్లబోవు పిల్లలను కూడ ఈ సీమ చూచినది. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి అలంపురమును, కర్నూలును ముంచినపుడు ఇండ్లు పోగొట్టుకొన్నవారిలో చాలమంది పిల్లలు. అట్టి పిల్లలకు, వారిని సాకు ముసలివారికి వారమునకొకసారియైనను కలిసి కూర్చుండి నోరు విప్పుటకు ఒక చోటు కావలెను. కట్టియున్న మండపము మనకు కలదు. దానికి కొత్తగా ధనము వెచ్చింపనక్కర లేదు.

కలిసి పాడిన పిల్లలలో కలుగు మార్పును గూర్చి జర్మనీ దేశమున లైప్జిగ్ నగరము వారు 2010లో ఒక చక్కని పరీక్ష ప్రకటించినారు. నాలుగేండ్ల పిల్లలు 96 మందిని జంటలుగా చేసి, సగము జంటలచేత పాట, తాళము, నడకతో కూడిన ఆట ఆడించినారు. మిగిలిన జంటలచేత అదే ఆటను పాట లేకుండ ఆడించినారు. అటు తరువాత ఒక బిడ్డకు ఇక్కట్టు కలుగునట్లు చేసి చూచిన, కలిసి పాడిన పిల్లలే తోటి బిడ్డకు సాయపడుటకు ఎక్కువగా ముందుకు వచ్చిరి. మన కోలాటమును తలచుకొనుడు. ప్రక్కవాని కోల వచ్చు క్షణమునకు మన కోల అక్కడ ఉండవలెను. లేకున్న వ్రేలికి దెబ్బ. చెక్కభజనలో అడుగు తప్పిన వరుస అంతయు తప్పును. ఇతరుని రాకకై కనిపెట్టుకొనియుండుట ఆ పిల్లలకు ఉపన్యాసముతో నేర్పనక్కర లేదు.

ఇక ఆ తల్లి ప్రశ్నకు వత్తుము. ఆటిజం అని నేడు వ్యవహరించు స్థితిగల పిల్లలపై తొమ్మిది దేశములలో 364 మందితో ఒక పెద్ద పరిశోధన జరిగి 2017లో వెలువడినది. నాలుగు నుండి ఏడేండ్ల పిల్లలకు ఐదు నెలలు సంగీత చికిత్స చేసినారు. చేయించుకొన్నవారికి, చేయించుకొననివారికి ముఖ్య లక్షణములలో చెప్పుకోదగిన భేదము కనబడలేదు. మరల 2022లో, అప్పటివరకు వచ్చిన 26 పరిశోధనలను, 1165 మంది వివరములను ఒకచోట చేర్చి చూచినారు. మొత్తము మీద బిడ్డ స్థితి, జీవితపు తీరు కొంత మెరుగుపడుననియే తేలినది గాని, నోటిమాట విషయమున స్పష్టమైన భేదము తేలలేదు. ఇవి కూడ శిక్షణ పొందిన చికిత్సకులు చేసిన పనికి వచ్చిన ఫలితములు. భజన వేరు, వారి పని వేరు. కనుక కూర్చున్నంత మాత్రమున మాటలు వచ్చునని ఎవరైన చెప్పిన, వారు తమకు లేని అధికారముతో చెప్పినట్లు.

ముత్తుస్వామి దీక్షితులు (1775–1835) కడుపునొప్పితో బాధపడు శిష్యుడు తంబియప్ప కొరకు గురుగ్రహమును స్తుతించుచు అఠాణా రాగమున కీర్తన చేయగా ఆతని బాధ తొలగినదని సంప్రదాయ కథ. మేమును భక్తితో చెప్పుకొందుము. గురువు శిష్యుని నొప్పిని తన నొప్పిగా తలచుట అందులోని సారము. దానిని పట్టుకొని ఫలానా రోగమునకు ఫలానా రాగమని మాత్రల వలె పట్టికలు అచ్చువేయుట, క్యాసెట్లు, ఇప్పుడు ఫోనులో వీడియోలు అమ్ముట మాకు సమ్మతము కాదు. మధుమేహము గలవాడు మందు మాని రాగము వినిన ఏమగునో వైద్యుని అడిగి తెలిసికొనుడు.

ఆ తల్లితో మేము చెప్పినది ఇది. అమ్మా, ముందు బిడ్డకు చెవి వినబడుచున్నదో లేదో పరీక్ష చేయింపుము. మాటరాని బిడ్డలలో కొందరికి వినికిడి లోపమే కారణము. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద పుట్టినది మొదలు పదునెనిమిదేండ్ల వరకు పిల్లలను ఉచితముగా పరీక్షించు ఏర్పాటు కలదు. వైద్య బృందములు అంగన్వాడీలకు ఏడాదికి రెండుమార్లు రావలెనని, బడులకు ఒకమారు రావలెనని నియమము. అవసరమైన బిడ్డలను ఆ బృందము వారు పై కేంద్రములకు పంపుదురు. అంగన్వాడీ టీచరును అడుగుము. ఆ పని జరుగుచుండగా శనివారము శనివారము ఇక్కడకు రమ్ము. ఆయనను కూడ తీసికొని రమ్ము. మండపము మెట్ల మీద నిలబడి బీడీ కాల్చు తండ్రులకు ఇది ఆడవారి పని కాదని చెప్పవలసియున్నది.

మేము కొన్ని మార్పులు చేసికొంటిమి. మొదటి వారమే మా తప్పు మాకు తెలిసినది. మైకు పెట్టి, పెట్టెలు రెండువైపుల నిలిపి పాడితిమి. బిడ్డ చెవులు మూసికొని తల్లి కొంగులో దూరినాడు. ఇట్టి పిల్లలలో పలువురికి పెద్ద శబ్దము నొప్పి వలెనే తోచును. 2000 సంవత్సరపు శబ్ద నియంత్రణ నియమముల ప్రకారము రాత్రి పది నుండి ఉదయము ఆరు వరకు లౌడుస్పీకరు కూడదన్నది అందరికి తెలిసినదే. పగటిపూట మాత్రము పసివాని చెవి మరొక చెవియా? ఇరువదిమంది కూర్చున్న మండపమునకు మైకేల? తీసివేసితిమి. ఒకరిద్దరు పెద్దలకు కోపము వచ్చినది. స్వామికి వినబడదా యని మేము అడిగిన తరువాత ఊరకుండిరి.

రెండవది, భజన మొదటి పాటను, చివరి పాటను మార్చుట మానితిమి. వారమునకొక కొత్త కీర్తన నేర్చుట పెద్దలకు ఉత్సాహమే. ఇట్టి బిడ్డకు తెలిసిన పాట చేతికఱ్ఱ వంటిది. తరువాత ఏమి వచ్చునో తెలిసినచో భయము తగ్గును. మూడవది, తాళముల జత ఒకటి వానికే విడిచితిమి. లయ తప్పిన తప్పనిండు.

నాలుగవది మన భజనలోనే ఉన్నది, దానిని క్రొత్తగా కనుగొంటిమనుట సరికాదు. ముందు ఒకరు పాడుట, వెనుక అందరు అందుకొనుట భజన పద్ధతి. నామము వచ్చుచోట ముందు పాడువాడు ఒక్క క్షణము ఆగవలెను. తెలిసిన పాటలో ఆ ఖాళీ వచ్చినప్పుడు దానిని పూరింపవలెనను కోరిక ఎంతటి మౌనికైనను కలుగును. సంగీత చికిత్సకులు సరిగా ఈ ఉపాయమునే వాడుదురు: పాట చివరి పదమును ఆపి, బిడ్డ వైపు చూచి, వేచియుందురు. బిడ్డ పలికిన సరి. పలుకక చేయి కదిపిన, చూచిన, నవ్విన, దానినే సమాధానముగా గ్రహించి పాటను ముందుకు నడపుదురు. వేచియుండుట కష్టము. మాలో ముందు పాడు వృద్ధునికి ఊపిరి పట్టి ఆగుట అలవాటగుటకు మూడు వారములు పట్టినది.

ఆ బిడ్డకు నేటికిని మాటలు రాలేదు. చెవి పరీక్ష అయినది, వినికిడి బాగున్నదనిరి. పై కేంద్రమునకు రమ్మని తేదీ ఇచ్చినారు. తల్లి మొదటి పాట మొత్తము నేర్చుకొన్నది; ఇంట వానిని పండుకొనబెట్టునప్పుడు దానినే జోలగా పాడుచున్నానని చెప్పినది. వాడు ముందువలె అర్ధరాత్రి లేచి కూర్చుండుట తగ్గినదట. తండ్రి రెండు వారములుగా మెట్లు ఎక్కి లోపల కూర్చుండుచున్నాడు. పోయిన శనివారము, ముందు పాడువాడు నామము దగ్గర ఆగినపుడు మండపమంతయు నిశ్శబ్దమైనది. బిడ్డ తాళములు రెండు ఎత్తి ఒక్కసారి మ్రోగించి, ముందు పాడువాని ముఖము వైపు చూచినాడు.

శనివారము సాయంత్రము ఆరు గంటలకు భజన ప్రారంభమగును. పిల్లలను తీసికొని రండు. మైకు ఉండదు.